రెప్పపాటుకన్నా ముందే తెగాల్సిన కరెంటు: గ్యాస్ సర్క్యూట్ బ్రేకర్ల లోపలి కథ

సూరత్ నగరంలో సలాబత్‌పురా పాత పేట. పక్కనే రింగురోడ్డు, దాని పొడవునా అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు. చీరల మూటలు మోసే బండ్లు, ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ కట్టడాలు. ఇక్కడికి దగ్గర్లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. మరమగ్గం ఆడితేనే వాళ్లకు పూట గడుస్తుంది. కరెంటు ఉంటేనే మరమగ్గం ఆడుతుంది.

పాత సూరత్‌కు విద్యుత్తు పంపిణీ చేసేది టొరెంట్ పవర్ సంస్థ. 1920లో మొదలైన సూరత్ ఎలక్ట్రిసిటీ కంపెనీయే ఇప్పుడు అందులో భాగం. నగరం చుట్టుపక్కల ప్రాంతాలను దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ చూసుకుంటుంది. ఊరికి దగ్గర్లోని అఖాఖోల్ వద్ద గ్యాస్‌తో నడిచే సుజెన్ విద్యుత్ కేంద్రం ఉంది. తాపీ నది ఎగువన ఉకాయ్ జలవిద్యుత్ కేంద్రం, కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం ఉన్నాయి. అంటే కరెంటు పుట్టే చోట్లు దూరంగా లేవు. చిక్కంతా దాన్ని ఊరి నడిబొడ్డుకు తేవడంలో ఉంది. లక్షల వోల్టుల కరెంటును ఇళ్ల మధ్యకు తేవాలి. ఎక్కడ తేడా వచ్చినా క్షణంలో పదో వంతుకు అటూ ఇటుగా దాన్ని తెంచేయాలి. ఈ పని చేసే యంత్రమే సర్క్యూట్ బ్రేకర్. పెద్ద వోల్టేజీల దగ్గర ఇది ఎక్కువగా ఒక వాయువు సాయంతో పనిచేస్తుంది. ఆ వాయువు పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, క్లుప్తంగా ఎస్ఎఫ్6.

విద్యుత్ ఇంజినీర్లకు ఇంతకన్నా నమ్మకమైన వాయువు ఇంతవరకు దొరకలేదు. వాతావరణ శాస్త్రవేత్తలు అంచనా కట్టిన వాయువుల్లో ఇంతకన్నా బలంగా భూమిని వేడెక్కించేదీ లేదు. ఈ రెండు మాటలూ నిజమే. ఎందుకో తెలియాలంటే ముందు బ్రేకర్ లోపలికి తొంగిచూడాలి.

స్విచ్చి వేరు, బ్రేకర్ వేరు

ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపినప్పుడు లోపల రెండు లోహపు ముక్కలు విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది. చీకట్లో గమనిస్తే ఒక్కోసారి చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది. ఫ్యాను తీసుకునే కరెంటు ఒక ఆంపియర్ కూడా ఉండదు కాబట్టి ఆ రవ్వ వచ్చిన క్షణమే ఆరిపోతుంది.

ఇప్పుడు 220 కిలోవోల్టుల, అంటే 2,20,000 వోల్టుల లైనును ఊహించుకుందాం. రోడ్డు తవ్వుతున్న పొక్లెయిన్ భూగర్భ కేబుల్‌ను తెంపిందనుకుందాం, లేదా గాలివానకు తీగ తెగి నేలను తాకిందనుకుందాం. అప్పుడు కరెంటు తన మామూలు దారి వదిలి నేలలోకి పరుగెడుతుంది. ఈ షార్ట్ సర్క్యూట్ కరెంటు పదుల వేల ఆంపియర్లు ఉండొచ్చు. అందుకే ఈ స్థాయి బ్రేకర్లను మామూలుగా 40,000 లేదా 50,000 ఆంపియర్లను తెంచగలిగేలా తయారుచేస్తారు. ఫాల్టు మొదలైన తొలి క్షణంలో వచ్చే శిఖర విలువ ఇంకా ఎక్కువ. 40,000 ఆంపియర్ల బ్రేకరు లక్ష ఆంపియర్ల శిఖరాన్ని తట్టుకుని నిలబడాలి.

ఆ కరెంటు పారుతుండగా బ్రేకరు కొసలు విడిపోతే మధ్యలో పుట్టేది రవ్వ కాదు, ఆర్క్. అది కరెంటు మోసే మంటలాంటి స్తంభం. దాని నడిమి ఉష్ణోగ్రత 20,000 డిగ్రీల వరకు వెళ్తుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీలే. అంత వేడిలో వాయువు అణువులు ముక్కలై, వాటి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మాగా మారతాయి. ప్లాస్మా మంచి విద్యుత్ వాహకం. కాబట్టి లోహపు కొసలు దూరం జరిగినా కరెంటు మాత్రం ఆగదు. ఆర్క్‌ను చల్లార్చకపోతే బ్రేకరే కరిగిపోతుంది.

ఎంత త్వరగా తెంచాలి?

రెప్పపాటు అంటే మన భాషలో అతి తక్కువ కాలం. కొలిస్తే ఒక రెప్పపాటు 100 నుంచి 400 మిల్లీసెకన్లు ఉంటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 400 కేవీ, 765 కేవీ లైన్ల మీద ఫాల్టును 100 మిల్లీసెకన్లలోపు, 220 కేవీ, 132 కేవీ లైన్ల మీద 160 మిల్లీసెకన్లలోపు తొలగించాలి. ఇందులో ఫాల్టును గుర్తించడానికి రిలే తీసుకునే సమయం కూడా కలిసే ఉంటుంది. బ్రేకరు వాటాకు మిగిలేది 40 నుంచి 60 మిల్లీసెకన్లు.

ఈ తొందర ఎందుకు? మొదటిది, అంత కరెంటు పారుతున్నంతసేపూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద, కేబుళ్ల మీద విపరీతమైన వేడి, బలం పడతాయి. రెండోది, ఫాల్టు కొనసాగితే విద్యుత్ కేంద్రాల్లోని జనరేటర్లు ఒకదానితో ఒకటి లయ తప్పుతాయి. అది ముదిరితే గ్రిడ్ మొత్తం కూలిపోవచ్చు. మూడోది మగ్గాల మీద ఆధారపడ్డవాళ్లకు నేరుగా తగిలేది. ఎక్కడో ఒక లైను మీద ఫాల్టు ఉన్నంతసేపు చుట్టుపక్కల ప్రాంతమంతా వోల్టేజీ పడిపోతుంది. బ్రేకరు ఆ లైనును వేరుచేయగానే మళ్లీ లేస్తుంది. బల్బు ఒకసారి మిణుక్కుమన్నట్టు అనిపిస్తుందంతే. కానీ మోటార్లను నడిపే కాంటాక్టర్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న కొత్త మగ్గాలు ఆ మిణుకును భరించలేక ఆగిపోవచ్చు. పడుగూ పేకా మధ్యలో నిలిచిపోయిన బట్టకు మచ్చ పడుతుంది. ఆ మిణుకు ఎంతసేపు ఉంటుందో తేల్చేది బ్రేకరే.

ఒకవేళ బ్రేకరు తెంచలేకపోతే? అప్పుడు దాని వెనకున్న బ్రేకర్లన్నీ తెరుచుకునేలా మరో రక్షణ ఏర్పాటు ఉంటుంది. కానీ అప్పటికి మరికొంత సమయం గడిచిపోతుంది. ఒక్క లైనుతో పోవాల్సినది ఒక ప్రాంతమంతా చీకటి కావడంతో ముగుస్తుంది.

సున్నా దగ్గర కాపు కాయడం

మన గ్రిడ్‌లోని ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తంలో కరెంటు ఒకసారి ఇటు, మరోసారి అటు పారుతుంది. దిశ మారే ప్రతిసారీ దాని విలువ సున్నా గుండా పోతుంది. అంటే సెకనుకు 100 సార్లు, ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి, కరెంటు తనంత తానే ఒక క్షణం ఆగుతుంది.

బ్రేకర్ రూపకల్పన అంతా ఈ ఒక్క వాస్తవం మీద నిలబడింది. పారుతున్న 40,000 ఆంపియర్లను బలవంతంగా తెంచే ప్రయత్నం ఏ బ్రేకరూ చేయదు. కొసలను విడదీసి, ఆర్క్‌ను కాసేపు మండనిచ్చి, కరెంటు సున్నాకు వచ్చే క్షణం కోసం కాపు కాస్తుంది. ఆ క్షణంలో ఆర్క్‌కు శక్తి అందదు. సరిగ్గా అప్పుడే కొసల మధ్య ఉన్న వేడి వాయువును చల్లబరిచి, వాహకాన్ని తిరిగి బంధకంగా మార్చేయాలి.

ఇక్కడో పరుగుపందెం మొదలవుతుంది. కరెంటు ఆగగానే తెరుచుకున్న కొసల మధ్య వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. పరీక్షా ప్రమాణాల్లో పూర్తి షార్ట్ సర్క్యూట్ కరెంటుకు ఈ వేగం మైక్రోసెకనుకు 2 కిలోవోల్టులు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. వోల్టేజీ ఇలా ఎగబాకుతుంటే, మరోవైపు వాయువు తన బంధక శక్తిని తిరిగి కూడగట్టుకోవాలి. వాయువు గెలిస్తే కరెంటు తెగినట్టు. వోల్టేజీ గెలిస్తే ఆర్క్ మళ్లీ రాజుకుంటుంది, ఇంకో 10 మిల్లీసెకన్లు ఆగి తర్వాతి సున్నా దగ్గర మళ్లీ ప్రయత్నించాలి.

ఒకప్పుడు ఈ పందెంలో నూనెను దింపారు. ఆర్క్ వేడికి నూనె ఆవిరై, అందులోంచి వచ్చే హైడ్రోజన్ ఆర్క్‌ను చల్లార్చేది. కానీ నూనె అంటుకునే ప్రమాదం వెన్నంటే ఉండేది. ఆ తర్వాత కంప్రెసర్లతో గాలిని బిగించి పెట్టి, ఆర్క్ మీదికి ఒక్కసారిగా వదిలే ఎయిర్ బ్లాస్ట్ బ్రేకర్లు వచ్చాయి. అవి తెరుచుకుంటే ఫిరంగి పేలినట్టు ఉండేది. అలాంటి చప్పుడును ఇళ్ల మధ్య పెట్టుకోలేం.

ఎలక్ట్రాన్లను పట్టి ఆపే అణువు

ఫ్రెంచి రసాయనవేత్త హెన్రీ మోయిసాన్ 1886లో ఫ్లోరిన్‌ను మొదటిసారి వేరుచేశారు. ఆ తర్వాత పాల్ లెబోతో కలిసి ఫ్లోరిన్‌లో గంధకాన్ని మండించి కొత్త వాయువును తయారుచేశారు. 1901లో వెలుగులోకి వచ్చిన ఆ వాయువే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. ఒక గంధకం పరమాణువు చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు అన్నివైపులా సమానంగా అమరి ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు, మండదు, దేనితోనూ తేలిగ్గా కలవదు. స్వచ్ఛమైన స్థితిలో విషం కూడా కాదు. గాలికన్నా దాదాపు ఐదు రెట్లు బరువు.

దీనికి ఎలక్ట్రాన్ల మీద ఆకలి ఎక్కువ. విద్యుత్ క్షేత్రంలో గాలి ఎలా లొంగిపోతుందో చూస్తే ఈ గుణం విలువ తెలుస్తుంది. ఎక్కడో ఒక ఎలక్ట్రాన్ పరుగు మొదలుపెడుతుంది, దారిలో ఒక అణువును ఢీకొట్టి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చివరికి అది వరదలా పెరిగి మెరుపై దూకుతుంది. ఎస్ఎఫ్6లో అలా పరుగెత్తే ఎలక్ట్రాన్‌ను అణువు పట్టేసుకుంటుంది. ఫలితంగా ఏర్పడే రుణ అయాన్ ఎలక్ట్రాన్‌కన్నా రెండున్నర లక్షల రెట్లకు పైగా బరువు. అది అంత వేగం అందుకోలేదు, మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టనూ లేదు. వరద మొదట్లోనే ఆగిపోతుంది.

అందుకే ఒకే పీడనం దగ్గర ఎస్ఎఫ్6 గాలికన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ వోల్టేజీని ఆపుతుంది. పీడనం పెంచితే ఆ బలం ఇంకా పెరుగుతుంది. ఆర్క్ చల్లార్చడంలోనూ దీనికి సాటి లేదు. ఆర్క్ వేడికి ముక్కలైన అణువు చల్లబడగానే మైక్రోసెకన్లలో తిరిగి ఒక్కటవుతుంది. దాంతో అదే వాయువును ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజినీర్లు 1950 దశకంలో ఈ గుణాన్ని బ్రేకర్లకు వాడుకున్నారు. 1960 దశకం చివర్లో స్విట్జర్లాండ్, జర్మనీలలో సబ్‌స్టేషన్ మొత్తాన్నే ఈ వాయువుతో నింపిన గొట్టాల్లో పెట్టడం మొదలైంది. భారతీయ పరిశోధకుల పాత్ర కూడా చెప్పుకోదగ్గది. ఎస్ఎఫ్6లోనూ, శూన్యంలోనూ ఆర్క్‌ను తెంచడం మీద వి.ఎన్. మల్లెర్, ఎం.ఎస్. నాయుడు రాసిన ఇంగ్లిష్ గ్రంథం 1981లో వెలువడింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆ నాయుడుగారే కాకినాడ జేఎన్‌టీయూ ఆచార్యులు వి. కామరాజుతో కలిసి రాసిన హైవోల్టేజి ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాన్ని దేశమంతటా ఎలక్ట్రికల్ విద్యార్థులు చదువుతూనే ఉన్నారు.

సైకిల్ పంపులాంటి ఏర్పాటు

వాయువు ఎంత మంచిదైనా ఊరికే ఉంటే ఆర్క్ చల్లారదు. దాన్ని సరిగ్గా సున్నా క్షణంలో ఆర్క్ మీదికి ఊదాలి. తొలి నమూనాల్లో దీనికోసం ఎక్కువ పీడనంతో ఒక తొట్టి, తక్కువ పీడనంతో మరొకటి ఉండేవి. వాటిని నిలబెట్టడానికి కంప్రెసర్లు కావాల్సి వచ్చేవి. ఆ బాధను తప్పించింది పఫర్ అనే ఏర్పాటు.

దీన్ని సైకిల్ పంపుతో పోల్చవచ్చు. కదిలే కొసకు ఒక సిలిండర్ బిగించి ఉంటుంది. లోపల పిస్టన్ కదలకుండా నిలిచి ఉంటుంది. బ్రేకరు తెరుచుకోమని ఆజ్ఞ రాగానే స్ప్రింగు విడుదలై కొసను సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వెనక్కి లాగుతుంది. సిలిండర్ కూడా దాంతోపాటే కదిలి లోపలి వాయువును నొక్కుతుంది. నొక్కుకుపోయిన వాయువు టెఫ్లాన్‌తో చేసిన ముక్కు గుండా దూసుకొచ్చి ఆర్క్‌ను పొడవునా ఒరుసుకుంటూ పోతుంది. విడిపోయే కదలికే ఊదే గాలిని పుట్టిస్తుంది కాబట్టి వేరే కంప్రెసరు అక్కర్లేదు.

ఇందులో కొసలు రెండు జతలు. మామూలు రోజుల్లో కరెంటు మోసేవి వెండి పూత పూసిన పెద్ద కొసలు. తెరుచుకునేటప్పుడు ఇవి ముందే విడిపోతాయి. అప్పుడు కరెంటు రెండో జత మీదికి మారుతుంది. ఆ జతను వేడికి ఓర్చే టంగ్‌స్టన్, రాగి మిశ్రమంతో చేస్తారు. ఆర్క్ పుట్టేది వీటి మధ్యే. దెబ్బలన్నీ ఇవి తింటాయి, పెద్ద కొసలు నున్నగా ఉండిపోతాయి.

పఫర్‌కు ఒక లోటు ఉంది. అంత వాయువును నొక్కడానికి బలమైన స్ప్రింగు గానీ, హైడ్రాలిక్ యంత్రాంగం గానీ కావాలి. 1980 దశకం నుంచి వచ్చిన సెల్ఫ్ బ్లాస్ట్ బ్రేకర్లు ఒక యుక్తి చేశాయి. ఆర్క్ వేడితోనే పక్క గదిలోని వాయువు పీడనాన్ని పెంచి, అదే వాయువును సున్నా దగ్గర ఆర్క్ మీదికి తిప్పికొడతాయి. కరెంటు ఎంత పెద్దదైతే ఊదే బలం అంత పెద్దదవుతుంది. చిన్న కరెంట్లకు చిన్న పిస్టన్ చాలు. దాంతో స్ప్రింగు చిన్నదైంది, కదిలే భాగాల బరువు తగ్గింది, మరమ్మతులూ తగ్గాయి.

సబ్‌స్టేషన్ గదిలోకి ఎలా వచ్చింది?

ఊరి బయట కనిపించే మామూలు సబ్‌స్టేషన్‌లో తీగలను విడదీసి ఉంచేది గాలే. 220 కేవీ తీగకూ నేలకు కలిపిన ఇనుప కట్టడానికీ మధ్య రెండు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. తీగకూ తీగకూ మధ్య కూడా అలాగే. అందుకే వాటికి ఎకరాల కొద్దీ స్థలం కావాలి. సలాబత్‌పురా లాంటి పేటలో అంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా దాని ధర ఎంతుంటుంది?

గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్‌లో ప్రతి వాహకమూ నేలకు కలిపిన అల్యూమినియం గొట్టం నడిమధ్యలో ఉంటుంది. చుట్టూ కొన్ని రెట్ల వాతావరణ పీడనంతో ఎస్ఎఫ్6 నిండి ఉంటుంది. 220 కేవీ గొట్టం సుమారు రెండు జానల వెడల్పు ఉంటే చాలు. బ్రేకర్లు, ఐసోలేటర్లు, కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ అదే గొట్టాల్లో ఇమిడిపోతాయి. మామూలు సబ్‌స్టేషన్‌కు పట్టే స్థలంలో పదో వంతు నుంచి ఐదో వంతు సరిపోతుంది. మొత్తాన్నీ ఒక భవనంలో పెట్టి తలుపు వేసుకోవచ్చు. బయటి గొట్టం నేలకు కలిపి ఉంటుంది కాబట్టి చెయ్యి తగిలినా షాక్ కొట్టదు. సూరత్, విశాఖపట్నం లాంటి తీరప్రాంత నగరాల్లో ఇంకో మేలు కూడా ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు బయటి పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుని, తడి తగిలినప్పుడు కరెంటుకు దారి ఇస్తుంది. మూసిన గొట్టంలోకి ఆ ఉప్పు పోలేదు.

భాగ్యనగరంలోనూ ఇదే అవసరం ఈ సాంకేతికతను తెచ్చింది. ఐటీ కార్యాలయాలతో కిక్కిరిసిన రాయదుర్గంలో 400 కేవీ స్థాయి గ్యాస్ సబ్‌స్టేషన్ పనిచేస్తోంది. వోల్టేజీ మెట్లు మాత్రం రాష్ట్రానికో తీరు. గుజరాత్‌లో నగరాల లోపలికి 66 కేవీ వస్తే, తెలుగు రాష్ట్రాల్లో 132 కేవీ, 33 కేవీ వాడుకలో ఉన్నాయి.

గొట్టం వెడల్పు ఎంత ఉండాలన్నదానికి ఒక చక్కని లెక్క ఉంది. బయటి గొట్టం మారకుండా లోపలి వాహకాన్ని మరీ సన్నగా చేస్తే దాని ఉపరితలం మీద విద్యుత్ క్షేత్రం సూదిమొన మీదలా తీవ్రమవుతుంది. మరీ లావుగా చేస్తే రెంటికీ మధ్య ఖాళీ తగ్గి మళ్లీ క్షేత్రం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య క్షేత్రం అతి తక్కువగా ఉండే కొలత ఒకటే. బయటి వ్యాసార్ధం లోపలిదానికి 2.718 రెట్లు ఉండాలి. చక్రవడ్డీ లెక్కల్లో, జీవుల పెరుగుదల లెక్కల్లో కనిపించే 'ఈ' అనే స్థిరాంకమే ఇది. నిజమైన పరికరాలను ఈ నిష్పత్తికి దగ్గర్లోనే రూపొందిస్తారు.

ఈ లెక్కంతా లోపల శుభ్రంగా ఉన్నంతవరకే చెల్లుతుంది. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న లోహపు పొట్టు ఒక్కటి లోపల ఉండిపోయినా చాలు. అది విద్యుత్ క్షేత్రంలో లేచి గెంతుతూ, తన మొన దగ్గర క్షేత్రాన్ని పెంచి, మొత్తం బంధక శక్తినే దెబ్బతీస్తుంది. అందుకే గొట్టాలను దుమ్ము లేని చోట బిగిస్తారు. వాడుకలోకి తెచ్చాక కూడా లోపల చిన్న డిశ్చార్జీలు జరుగుతున్నాయేమో రేడియో తరంగాలను పట్టే సెన్సర్లతో వింటూ ఉంటారు. ఈ రంగంలో పరీక్షలకు మన దేశంలో ముఖ్య ఆధారం 1960లో ఏర్పడిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ. దాని ప్రధాన కేంద్రం బెంగళూరులో ఉంది. అత్యధిక వోల్టేజీల మీద పరిశోధన చేసే ప్రయోగశాల హైదరాబాద్‌లో ఉంది. రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ కర్మాగారం కూడా స్విచ్‌గేర్ తయారుచేసింది.

పీడనం కాదు, సాంద్రత చూడాలి

వాయువు కారిపోతే బ్రేకరు ఉండీ లేనట్టే. మరి కారుతోందని తెలిసేదెలా? పీడనం చూపే మీటరు ఉంటే చాలదా అనిపిస్తుంది. చాలదు. మూసిన డబ్బాలో వాయువు పీడనం వేడితోపాటు మారుతుంది. తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉన్న వాయువు మండే ఎండలో 45 డిగ్రీలకు చేరితే, ఒక్క అణువు కూడా పెరగకుండానే పీడనం దాదాపు పది శాతం పెరుగుతుంది. వోల్టేజీని ఆపేది అణువుల సంఖ్య. కాబట్టి వేడి ప్రభావాన్ని తీసేసి సాంద్రతను చూపే మానిటర్లను ప్రతి అరకూ బిగిస్తారు. సాంద్రత ఒక మెట్టు తగ్గితే హెచ్చరిక గంట మోగుతుంది. రెండో మెట్టు తగ్గితే బ్రేకరు పనిచేయకుండా తాళం పడుతుంది. తగినంత వాయువు లేకుండా ఆర్క్‌ను తెంచబోయి పేలిపోవడం కన్నా కదలకుండా ఉండి వెనకున్న బ్రేకర్లకు పని అప్పగించడం మేలు.

సిబ్బంది భద్రతకు సంబంధించిన జాగ్రత్తలు రెండున్నాయి. గాలికన్నా బరువైన ఈ వాయువు కారితే పైకి పోదు, కేబుల్ కందకాల్లో, నేలమాళిగల్లో నీళ్లలా నిలుస్తుంది. అక్కడి గాలిని పక్కకు నెట్టేస్తుంది. వాసన లేదు కాబట్టి దిగిన మనిషికి తెలియదు, ఊపిరాడక పడిపోతాడు. కాబట్టి ఆక్సిజన్ మీటరు చూడకుండా దిగకూడదు. రెండోది, ఆర్క్ తగిలిన వాయువు మొత్తం తిరిగి మామూలు స్థితికి రాదు. కొద్దిభాగం తేమతోనూ, లోహపు ఆవిరితోనూ కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుగా, తెల్లటి పొడిగా మారుతుంది. వాటిని పీల్చుకునే పదార్థాలను అరల్లో ముందే పెడతారు. అయినా వాడిన బ్రేకరును విప్పేవాళ్లకు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

బలమే బలహీనత

ఎస్ఎఫ్6 అణువు దేనితోనూ కలవదు, తేలిగ్గా విరగదు. బ్రేకర్లో ఇది వరం. బయటికి పోతే ఇదే శాపం. వాతావరణంలో దాన్ని విరిచే ప్రక్రియలు దాదాపు లేవు. అక్కడ అది వెయ్యి ఏళ్ల స్థాయిలో ఉండిపోతుందని అంచనా. పైగా భూమి నుంచి అంతరిక్షంలోకి వేడి తప్పించుకునే పరారుణ కాంతిలో నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పెద్దగా అడ్డుకోని ఒక కిటికీ ఉంది. దాదాపు పదిన్నర మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సరిగ్గా ఆ కిటికీకే ఎస్ఎఫ్6 అడ్డుపడుతుంది. వాతావరణ మార్పుల మీది అంతర్ప్రభుత్వ బృందం ఆరో నివేదిక లెక్క ప్రకారం, వందేళ్ల కాలంలో ఒక కిలో ఎస్ఎఫ్6 కలిగించే వేడి 24,300 కిలోల కార్బన్ డయాక్సైడ్ కలిగించే వేడికి సమానం.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం గ్యాస్ గొట్టాల నుంచి ఏడాదికి అర శాతానికి మించి వాయువు కారకూడదు. చిన్న అంకెలా కనిపిస్తుంది. ఉదాహరణకు వెయ్యి కిలోల వాయువున్న సబ్‌స్టేషన్‌లో ఏడాదికి అర శాతం అంటే 5 కిలోలు. ఆ 5 కిలోలు దాదాపు 120 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు కాబట్టి, ఇది 60 మంది ఏడాది వాటాకు సమానమన్నమాట. పాత రబ్బరు సీళ్లు అరిగి ఇంకా ఎక్కువ కారితే, లేదా మరమ్మతు వేళ వాయువును పట్టుకోకుండా గాలిలోకి వదిలేస్తే లెక్క ఎన్నో రెట్లవుతుంది. ఎస్ఎఫ్6 వాతావరణంలో ఇప్పటికీ అతి తక్కువే, లక్ష కోట్ల అణువుల్లో పది పైచిలుకు. కానీ అది ఏటా పెరుగుతూనే ఉంది, తగ్గే దారి లేదు.

1997 నాటి క్యోటో ఒప్పందం ఈ వాయువును తగ్గించాల్సిన వాటి జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. 24 కేవీ వరకు కొత్త స్విచ్‌గేర్‌లో ఎస్ఎఫ్6 వాడకాన్ని 2026 నుంచి ఆపేయాలి. అంతకన్నా పై వోల్టేజీలకు మెట్లుమెట్లుగా 2032 వరకు గడువులున్నాయి.

ప్రత్యామ్నాయాలు ఎంతవరకు వచ్చాయి?

తక్కువ వోల్టేజీల దగ్గర దారి దొరికింది. మన 11 కేవీ, 33 కేవీ ఫీడర్లలో శూన్యంలో ఆర్క్‌ను తెంచే వాక్యూమ్ బ్రేకర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. శూన్యంలో ఎలక్ట్రాన్ ఢీకొట్టడానికి అణువులే ఉండవు కాబట్టి వరద పుట్టదు. కానీ శూన్యానికో పరిమితి ఉంది. కొసల మధ్య దూరం రెట్టింపు చేస్తే అది ఆపగల వోల్టేజీ రెట్టింపు కాదు. అందుకే చాలాకాలం అది కింది మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు 145 కేవీ వరకు వాక్యూమ్ బ్రేకర్లు వచ్చాయి. వాటి చుట్టూ గొట్టాల్లో శుభ్రం చేసిన పొడి గాలిని నింపుతారు. గాలి బంధక శక్తి తక్కువ కాబట్టి పీడనం పెంచాలి, గొట్టాలు కొంత లావవుతాయి. స్థలం కోసమే గ్యాస్‌ను ఎంచుకున్న పేటల్లో ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

రెండో దారి ఫ్లోరోనైట్రైల్ అనే వాయువును కొద్దిగా తీసుకుని కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్‌లతో కలపడం. ఈ మిశ్రమం భూమిని వేడెక్కించే శక్తి ఎస్ఎఫ్6తో పోలిస్తే చాలా తక్కువ, పరికరం పరిమాణం మాత్రం దాదాపు అంతే. ఇంగ్లండ్‌లోని సెల్లిండ్జ్ సబ్‌స్టేషన్‌లో 2017లో 420 కేవీ స్థాయి గొట్టపు లైనుకు ఇలాంటి మిశ్రమాన్ని వాడారు. అయితే ఫ్లోరోనైట్రైల్‌ను ప్రకృతిలో తేలిగ్గా కరగని ఫ్లోరిన్ రసాయనాల కోవలోకి చేరుస్తున్నారు. దాన్ని తయారుచేసే ప్రధాన సంస్థ 3ఎం ఆ కోవ రసాయనాల తయారీ నుంచి 2025 చివరికల్లా తప్పుకుంటామని 2022లో ప్రకటించింది. ఒక సమస్యను తీర్చే వాయువు ఇంకో సమస్యగా మారకూడదన్న చర్చ అందుకే నడుస్తోంది.

400 కేవీ, 765 కేవీల దగ్గర పెద్ద కరెంట్లను తెంచే పనిలో మాత్రం ఎస్ఎఫ్6 బ్రేకర్లదే ఇప్పటికీ పైచేయి. దశాబ్దాల అనుభవం, తెలిసిన ధర, తక్కువ స్థలం దాని బలాలు.

ఇక్కడే భారతదేశానికి ఒక నిర్ణయం ఎదురవుతోంది. గ్యాస్ సబ్‌స్టేషన్ ఆయుష్షు దాదాపు 40 ఏళ్లు. 2025లో పెట్టినది 2065 వరకు నడుస్తుంది. నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన దేశం పెట్టుకున్న గడువు 2070. అంటే ఈ దశాబ్దంలో నగరాల నడుమ బిగించే ప్రతి గొట్టంలో ఏ వాయువు నింపుతున్నామన్నది ఆ గడువు దాకా మనల్ని వెంటాడుతుంది. ఈలోగా చేతిలో ఉన్న పనులు కొన్నున్నాయి. ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉన్న వోల్టేజీల దగ్గర కొత్తగా ఎస్ఎఫ్6 పెట్టకపోవడం మొదటిది. నింపిన ప్రతి కిలోకూ ఖాతా రాయడం, సాంద్రత మానిటర్ల అంకెలను నెలనెలా చూసి చిన్న కారుడును చిన్నగా ఉండగానే పట్టుకోవడం రెండోది. విప్పిన పరికరంలోని వాయువును గాలిలోకి వదలకుండా యంత్రాలతో వెనక్కి లాగి, శుద్ధిచేసి మళ్లీ వాడడం మూడోది. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కోసం ఎదురుచూడాల్సిన పని కాదు. కావాల్సింది ఒక తూకం యంత్రం, ఒక రిజిస్టరు, వాటిని శ్రద్ధగా చూసే మనిషి.